షాలేం రాజు పెట్టని సంతకం

అమెరికాలోని మా తెలుగు చర్చిలో షాలేం రాజుకి 'ఓడల రాజు' అని పేరు. ఆష్‌బర్న్‌లో మా తెలుగువాళ్ళందరం కంప్యూటర్లనీ డేటా సెంటర్లనీ నమ్ముకుని బతుకుతుంటే, ఆయన ఒక్కడే ఇనుమును నమ్ముకున్నాడు. వాళ్ళ నాన్న విశాఖపట్నం షిప్‌యార్డులో వెల్డరు. కొడుకు అదే ఊళ్ళో ఓడల నిర్మాణం చదివి, నాలుగైదు దేశాల రేవులు తిరిగి, చివరికి వర్జీనియాలో ఒక చిన్న కన్సల్టింగ్ కంపెనీలో హెచ్-వన్ వీసా మీద చేరాడు. పాత ఓడల పొట్టలోకి దిగి, ఉక్కు ఎంత మిగిలిందో, అది ఇంకెన్నాళ్ళు నీళ్ళని ఆపుతుందో చూసి చెప్పడం ఆయన పని. ఆదివారం ఆరాధనకి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చినా గోళ్ళ సందుల్లో తుప్పు కనిపించేది. ఆయన భార్య ప్రిస్సిల్లా వదిన దానికి అందరి ముందూ విసుక్కునేది.

నా పేరు దేవకుమార్. ఆయనకంటే చాలా చిన్నవాణ్ణి. ఇది ఆయన కథ కాబట్టి నా గురించి ఇంతే చాలు.

చీసపీక్ అఖాతంలో కలిసే ఒక నది ఒడ్డున, చిన్న రేవు పట్టణంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి ఓడ ఒకటి ఉండేది. యుద్ధ ట్యాంకుల్ని తీసుకెళ్ళి తిన్నగా ఇసుక ఒడ్డు మీద దింపే రకం. దాన్ని ఒక ట్రస్టు మ్యూజియంగా నడుపుతోంది. షాలేం అన్న అక్కడికి మొదటిసారి కంపెనీ పని మీదే వెళ్ళాడు. తిరిగొచ్చాక నెల రోజుల పాటు మాకు ఆ ఓడ తప్ప ఇంకో కబురు లేదు.

దాని అడుగు పళ్ళెంలా చదునుగా ఉంటుందట. ఒడ్డుకి ఎదురెళ్ళి ఇసుక మీదికి ఎక్కేస్తుంది. ముక్కు దగ్గర రెండు పెద్ద తలుపులు తెరుచుకుని, లోపలినుంచి వంతెన కిందికి వాలి, ట్యాంకులు వాటంతటవే దిగి నడుచుకుంటూ పోతాయి. మళ్ళీ వెనక్కి రావాలంటే, ఒడ్డుకి వచ్చేటప్పుడే వెనకాల నీళ్ళలో వదిలిన లంగరు గొలుసుని చుట్టుకుంటూ తనని తనే లాక్కుంటుంది. ఇటువంటి ఓడల్ని ఆ రోజుల్లో ఎన్ని కట్టారంటే, వాటికి పేర్లు పెట్టే తీరిక కూడా ఎవరికీ లేకపోయింది. అన్నిటికీ నంబర్లే. ఈ ఓడని కట్టింది సముద్రానికి ఎంతో దూరాన, మొక్కజొన్న చేల పక్కన నది ఒడ్డున. కట్టినవాళ్ళలో చాలామంది అంతకుముందు వెల్డింగ్ టార్చి ముట్టుకోని ఆడవాళ్ళు.

ఆ ఓడ చరిత్రంతా అన్నకి చెప్పింది హార్లన్. అందులో పనిచేసినవాళ్ళలో ఆ ఊళ్ళో బతికున్నది ఆయనొక్కడే. నూరేళ్ళకి దగ్గరపడ్డాడు. చక్రాల కుర్చీ. పద్దెనిమిదో ఏట ఆ ఓడ ఇంజిన్ గదిలో మెకానిక్‌గా చేరి, ఫ్రాన్స్ తీరంలోని నార్మండీకి యుద్ధానికి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు ట్యాంకులు, వచ్చేటప్పుడు గాయపడ్డవాళ్ళు. ట్యాంకులు దిగిపోగానే, అవి నిలిపిన డెక్కు గోడలకే స్ట్రెచర్లు వరసలుగా తగిలించి, కిందా మీదా మనుషుల్ని పడుకోబెట్టి ఇంగ్లాండు తెచ్చేవారు. చదును అడుగు కాబట్టి చిన్న అలకే ఓడ తొట్టిలా ఊగేదనీ, ఆ ఊపుకి పైన మూలుగులు పెరిగితే కింద ఇంజిన్ మోతలోనూ వినిపించేవనీ హార్లన్ చెప్పాడట. ఒక రాత్రి తిరుగు ప్రయాణంలో పక్కనే శత్రువులు నీళ్ళలో పెట్టిన మైను పేలి, వెనక గదిలో అతుకు ఊడి నీళ్ళొచ్చాయి. దుంగలు, పరుపులు, తమ చొక్కాలు అన్నీ కుక్కి, నడుముల్లోతు నీళ్ళలో నిలబడి, తెల్లారేదాకా వీపులు ఆనించి ఆపారు. పైనున్న స్ట్రెచర్లలో ఒక్కటి కూడా తడవలేదు.

ఆ తర్వాత పసిఫిక్. యుద్ధం అయ్యాక కొన్నేళ్ళు నదిలో ఊరికే పడి ఉండి, మళ్ళీ కొరియా యుద్ధానికి. అక్కడ చలికాలంలో ఒక రేవు చేజారిపోతున్నప్పుడు, ట్యాంకులు పెట్టే చోట శరణార్థుల్ని నిలువుకాళ్ళ మీద కుక్కి తెచ్చింది. దారిలో లోపల కాన్పులు కూడా అయ్యాయి. ఆ తర్వాత నేవీ అమ్మేసింది. గల్ఫ్ తీరంలో చమురు కంపెనీకి గొట్టాలు మోసే బార్జిగా బతికింది. ముసలిదైపోయి తుక్కుకి పోబోతుంటే, హార్లన్, ఆయన తోటివాళ్ళు చందాలు పోగేసి కొనుక్కుని ఈ నదికి తెచ్చుకున్నారు. ఆ తోటివాళ్ళు ఒక్కొక్కరే పోయారు. ట్రస్టు భారం హార్లన్ కూతురు మార్లీన్ మీద పడింది. ఆవిడ రిటైరైన స్కూల్ టీచరు. భర్త లేడు, పిల్లలు లేరు. ఆ ఓడే ఆవిడ సంసారం.

వసంతంలో షాలేం అన్న కంపెనీకి పెద్ద కాంట్రాక్టు పోయింది. ఆయన్ని లే ఆఫ్ చేశారు. హెచ్-వన్ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే రెండు నెలల గడువు. ఈలోగా ఇంకో కంపెనీ వీసా పిటిషన్ వెయ్యాలి, లేదా దేశం వదలాలి. సాఫ్ట్‌వేర్ వాడికైతే వందచోట్ల అప్లై చేసుకునే వీలుంది. ఓడల అడుగులు చూసేవాడికి ఎన్ని తలుపులుంటాయి? ఉన్నవాటిలో చాలావాటికి సిటిజన్ అయి ఉండాలి, సెక్యూరిటీ క్లియరెన్స్ ఉండాలి. చర్చిలో అందరం రెజ్యూమెలు పంపాం, ప్రార్థనలు చేశాం. ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు. వాళ్ళ అమ్మాయి శాంతికి ఇంకో ఏడాదైతే హైస్కూల్ అయిపోతుంది. చిన్నప్పుడే వచ్చిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది గానీ మాట తిరగదు. ఆ పిల్ల భోజనానికి కూడా గది దాటి రావడం మానేసింది.

అదే సమయంలో ఆ ఓడకీ గడువు పడింది. రేవు గోడ పాడైపోయింది, ఎండాకాలం మొదటికల్లా ఓడని తీసెయ్యాలని ఊరి కౌన్సిల్ నోటీసు ఇచ్చింది. దాన్ని అఖాతం గుండా లాక్కెళ్ళి, నీళ్ళలోంచి పైకెత్తి బాగుచేసే డ్రై డాక్‌కి చేర్చగలిగితే, రిపేరుకి పెద్ద గ్రాంటు సిద్ధంగా ఉంది. చేర్చలేకపోతే తుక్కే. టగ్ బోటు వాళ్ళు లాగాలంటే, ఓడ ఆ ప్రయాణాన్ని తట్టుకుంటుందని అర్హత ఉన్న సర్వేయరు ఒకరు చూసి సంతకం పెట్టాలి.

మార్లీన్ షాలేం అన్నకి ఫోన్ చేసింది. వీసా ప్రకారం జీతం తీసుకునే వీలు లేదు కాబట్టి వాలంటీరుగా చూసిపెడతానన్నాడు. మాటల్లో ఆయన ఉద్యోగం సంగతి ఆవిడకి తెలిసి, ఓడ డ్రై డాక్ చేరితే చాలు, కొన్నేళ్ళ పాటు రిపేరు చూసుకోవడానికి ఇంజనీరు కావాలి, ట్రస్టు తరఫున మేమే పిటిషన్ వేస్తాం అంది. ఆశ చూపి మెడలు వంచాలని ఆవిడ చెప్పిన మాట కాదది. ఆవిడకి నిజంగానే ఆయన కావాలి. ప్రిస్సిల్లా వదిన ఆ వారం చర్చిలో సాక్ష్యం చెప్పింది. దేవుడు ఒక తలుపు మూసి ఇంకోటి తెరిచాడంది. అందరం ఆమేన్ అన్నాం.

శనివారం నేనూ తోడు వెళ్ళాను. లోపల ట్యాంకుల డెక్కు సొరంగంలా ఉంది. గోడల మీద స్ట్రెచర్లు తగిలించిన కొక్కేలు ఇంకా ఉన్నాయి. అన్న వెనక భాగంలో ఒక మూత తీసి అడుగు రేకుకి పైనున్న ఖాళీ గదిలోకి దిగాడు. నేను పైనుంచి లైటు పట్టుకున్నాను. తుప్పు గీకడం, ఉక్కు మందం కొలిచే మీటరు ఆనించడం, అంకె గట్టిగా చెప్పడం. మార్లీన్ నా పక్కన కూర్చుని అంకెలు రాసుకుంటోంది. మొదట ఆయన గొంతు మామూలుగానే ఉంది. వెనక్కి పోయేకొద్దీ అంకెకీ అంకెకీ మధ్య ఎక్కువసేపు పడుతోంది. తర్వాత సుత్తితో కొట్టి చూస్తున్న చప్పుడు వినిపించింది. ఖంగుమనాల్సిన ఉక్కు, తడిసిన అట్ట మీద కొట్టినట్టు పలికింది. ఇంకోసారి కొట్టాడు. అంతే, "చెక్క ముక్క, దేవా, చెక్క ముక్క అందుకో" అన్నాడు.

వంగి చూస్తే వేలంత నీటి ధార ఆయన ఛాతీకి కొడుతోంది. అక్కడ పెట్టి ఉంచిన చెక్క మేకుల్లోంచి ఒకటి విసిరాను. ఆయన దాన్ని కంతలో పెట్టి కొట్టబోతే చుట్టూ ఉన్న ఉక్కు ఇంకాస్త రాలింది. ఇంకా పెద్దది ఇచ్చాను. దానికి గుడ్డ చుట్టి, సుత్తితో కొట్టకుండా అరచేత్తో మెల్లమెల్లగా నొక్కి నిలిపాడు. తర్వాత వాలంటీర్లు దాని చుట్టూ సిమెంటు పోసి కప్పేశారు.

తిరుగు దారిలో, కారులో అసలు సంగతి చెప్పాడు. చిల్లు పడింది ఒక చోటే గానీ ఆ వరసంతా అంతే పలచగా ఉంది. నదిలో కదలకుండా కూర్చుంటే ఇంకా కొన్నాళ్ళు నిలుస్తుంది. అఖాతంలో అల తగిలి ఓడ వంగితే మాత్రం పాత గుడ్డలా చిరుగుతుంది.

"సిమెంటు వేశారుగా అన్నా" అన్నాను.

"సిమెంటు దేనికి అతుకుతుంది, దేవా? అతుక్కోడానికి ఉక్కుండాలిగా."

ఆయన సంతకం పెట్టనన్నాడు. మార్లీన్ మొదట బతిమాలింది, తర్వాత వాదించింది, ఫోన్లో ఏడ్చింది. వీసా గడువు దగ్గరపడింది కాబట్టి ఇంట్లో అంతకంటే ఎక్కువ జరిగింది. వదిన నాకు తర్వాత చెప్పింది. ఆ మాటలు చెప్పేటప్పుడు ఆవిడ నా మొహం చూడలేదు.

"ఏవండీ, వాళ్ళు కోరి అడుగుతున్నారు. మునిగితే వాళ్ళ ఓడ మునుగుతుంది. మనం ఇక్కడ మునిగిపోతున్నాం, అది కనపడట్లేదా మీకు?" అందట.

అప్పుడు శాంతి తలుపు దగ్గరికి వచ్చి, "డాడీ, జస్ట్ సైన్ చెయ్. ప్లీజ్. ఎవ్వరూ చెక్ చెయ్యరు" అంది. వారాల తర్వాత ఆ పిల్ల తండ్రితో నేరుగా ఆడిన మొదటి మాట అదేనట. ఆయన లేచి వెళ్ళి బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాడు. అయినా సంతకం పెట్టలేదు.

ట్రస్టు వాళ్ళకి వేరే సర్వేయరు దొరికాడు. అతను లోపలికి ఎంతవరకు దిగాడో నాకు తెలియదు. సంతకం మాత్రం పెట్టాడు. టగ్ బోటు వచ్చే రోజు ఖాయమైంది. ఊరంతా పండగ చేసుకుంటోందని, ఆఖరి ప్రయాణంలో హార్లన్ ఓడ మీదే వెళ్తాడని, మార్లీన్, కొందరు వాలంటీర్లు కూడా ఎక్కుతారని అక్కడి వార్తల్లో చూశాం. ఆ రోజు పొద్దున్నే షాలేం అన్న నాకు ఫోన్ చేశాడు. రేవుకి వెళ్ళాలనీ, నన్ను డ్రైవ్ చెయ్యమనీ అడిగాడు. అప్పటికి వాళ్ళ ఇండియా టికెట్లు బుక్ అయిపోయాయి. ఇంట్లో సామానంతా అట్టపెట్టెల్లో ఉంది.

మేం వెళ్ళేసరికి టగ్ తాడు కట్టి ఉంది. రేవులో జెండాలు, స్కూలు పిల్లల బ్యాండు. మార్లీన్ మమ్మల్ని చూసి గట్టు దగ్గరే ఆపింది. ఎందుకొచ్చావని అడిగింది. షాలేం అన్న ఓడని ఆపడానికి రాలేదనీ, అది తన చేతిలో లేదనీ, మనుషులు మాత్రం ఎక్కొద్దనీ అన్నాడు. మా నాన్న దీనికోసమే బతికున్నాడు, నువ్వు ఇంకేం మాట్లాడొద్దు అందావిడ. పక్కనున్న వాలంటీరు ఒకడు, చిల్లు పెట్టింది వీడి సుత్తే కదా అన్నాడు. ఆ మాట అన్నకి వినబడింది. ఆయన ఆవిడని దాటుకుని ఓడ ముక్కు దగ్గరికి నడిచాడు. అక్కడ వాల్చిన వంతెన మీద, ట్యాంకుల డెక్కు మొదట్లో, హార్లన్ తన కుర్చీలో టోపీ పెట్టుకుని ఉన్నాడు. అన్న ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను దగ్గరే ఉన్నాను.

నీళ్ళు వచ్చేది ఎక్కడో తనకి తెలుసని హార్లన్ అన్నాడు. ఆ రాత్రి కూడా వెనక గదిలోంచే వచ్చాయని, తాము ఆపామని చెప్పాడు. ఈసారి కూడా ఇంజిన్ గదిలోనే కూర్చుంటానన్నాడు. ఆయన గొంతులో భయం లేదు. దాదాపు సంతోషంగా ఉన్నాడు.

"ఆ రాత్రి మీరు కింద ఉండాల్సి వచ్చింది సార్" అన్నాడు షాలేం అన్న. "పైన స్ట్రెచర్లలో మనుషులున్నారు కాబట్టి. ఇవాళ ఆ కొక్కేలకి ఎవరూ లేరు. మీ పక్కన మీ అమ్మాయి ఒక్కతే ఉంటుంది. నీళ్ళొస్తే ఆవిడ మిమ్మల్ని వదిలి పైకి రాదు."

హార్లన్ చాలాసేపు గోడల వంక చూశాడు. వాలంటీర్లు మా వెనక నిలబడి ఉన్నారు. తర్వాత ఆయన కూతుర్ని పిలిచాడు. తనని దింపమన్నాడు. ఆవిడ వద్దు నాన్నా, ఇతని మాట వినకు అంటుంటే, చిన్నపిల్లకి చెప్పినట్టు, "మార్లీన్, దిగు. అందరూ దిగండి" అన్నాడు. ఆ కుర్చీని కిందికి తోస్తూ ఆవిడ షాలేం అన్న వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. ఇంట్లో శవం ఉండగా వచ్చి అప్పు అడిగినవాణ్ణి అలా చూస్తారు.

మనుషులు లేకపోయినా లాగుతామన్నాడు టగ్ కెప్టెన్. వంతెన ఎత్తి, ముక్కు తలుపులు మూసేశారు. బ్యాండు వాయిస్తుండగానే ఓడ కదిలింది. మేమంతా కార్లలో నది అఖాతంలో కలిసే చోట నీళ్ళలోకి పొడుచుకొచ్చిన గట్టు మీదికి వెళ్ళి నిలబడ్డాం. నదిలో ఉన్నంతసేపూ అది హాయిగా, నిటారుగా పోయింది. వాలంటీర్లు చప్పట్లు కొట్టారు. ఒకడు అన్న వైపు తిరిగి నవ్వాడు. అన్న రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని పెదవులు కదుపుతున్నాడు. ప్రార్థిస్తున్నాడని నాకు తెలుసు. తన మాట తప్పు కావాలనే ప్రార్థించానని తర్వాత చెప్పాడు.

అఖాతంలో గాలి ఉంది. పెద్ద అలలేం కావు. ఓడ వాటి మీద కాసేపు ఊగింది. తర్వాత ఊగడం తగ్గింది. అది చూడగానే అన్న కళ్ళు మూసుకున్నాడు. లోపల నీళ్ళు చేరి బరువెక్కితేనే అలా ఊపు తగ్గుతుందట. వెనక భాగం కొద్దికొద్దిగా దిగడం ఆ తర్వాత మాకందరికీ కనిపించింది. టగ్ వాడు తాడు బిగించి పక్కకి తిప్పి, బలమంతా పెట్టి లోతు తక్కువున్న చోటికి ఈడ్చాడు. అక్కడిదాకా రాగలిగింది గానీ అంతకు మించి రాలేదు. వెనక భాగం మొత్తం, ఇంజిన్ గదీ, ఆ పై గదులూ నీళ్ళలోకి పోయి బురదలో కూర్చున్నాయి. ముక్కు మాత్రం పైకి లేచి నిలిచింది. చప్పుడేమీ లేదు.

మార్లీన్ గడ్డి మీద కూలబడింది. హార్లన్ మాత్రం కుర్చీలో ముందుకి వంగి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. లేరని ఎవరో చెప్పారు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉన్నాడు. ఆయనకి అది ఏ రోజో, ఏ సముద్రమో తెలియట్లేదని అర్థమైంది. చివరికి షాలేం అన్న ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. ఆయన అడిగిన ప్రతిసారీ "లేరు సార్. అందరూ దిగిపోయారు" అని జవాబు చెబుతూ, సాయంత్రం చల్లబడేదాకా అక్కడే ఉన్నాడు.

ఎవరూ ఆయనకి థాంక్స్ చెప్పలేదు. ఆ వారం అక్కడి పేపర్లో, కొన్ని వారాల ముందు ఒక వాలంటీరు సర్వే చేస్తుండగా ఓడ అడుగున చిల్లు పడిందని వచ్చింది. చర్చిలో కూడా ఒకరిద్దరు నన్ను పక్కకి పిలిచి, నిజంగానే ఆయన సుత్తి వల్లేనా అని అడిగారు. ఆదివారం వీడ్కోలు ప్రార్థనలో పాస్టరుగారు మాట్లాడమంటే షాలేం అన్న లేచి నిలబడి, అందరికీ దణ్ణం పెట్టి కూర్చున్నాడు. డల్లెస్ ఎయిర్‌పోర్టుకి నేనే దింపాను. వదిన దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. శాంతి చెవుల్లో ఇయర్‌ఫోన్స్ తియ్యలేదు. సెక్యూరిటీ లైను దగ్గర అన్న నన్ను కౌగిలించుకుని, "నేను తప్పు చేశానా తమ్ముడూ?" అని అడిగాడు. లేదన్నాను. ఆ జవాబు ఆయనకి ఏమాత్రం పనికొచ్చినట్టు లేదు.

ఓడని అది కూర్చున్న చోటే ముక్కలు చేసి తీశారు. అడుగు రేకు పైకి తెచ్చి చూసినవాళ్ళు, అది చిరిగింది సిమెంటు పోసిన చోట కాదని, అక్కడికి దూరంగా, అదే వరసలో ఇంకోచోట అని తేల్చారు. ఆ సంగతి ఏ పేపర్లోనూ రాలేదు. హార్లన్ ఆకులు రాలే కాలంలో పోయాడు.

షాలేం అన్న ఇప్పుడు విశాఖపట్నంలో, ఒక చిన్న సర్వే ఆఫీసులో చేస్తున్నాడు. చేపల పడవలు, ఇసుక బార్జిలు చూస్తాడు. శాంతి అక్కడి కాలేజీలో చేరింది. క్లాసులో తన యాసకి నవ్వుతున్నారని మొదట్లో రోజూ ఏడ్చేదట. ఇప్పుడు ఏడవట్లేదు గానీ, తండ్రితో అవసరమైనంత వరకే మాట్లాడుతుంది. వదిన తెచ్చిన అట్టపెట్టెల్లో కొన్ని ఇంకా విప్పలేదు.

పోయిన నెల మార్లీన్ నా నంబరు ఎలాగో పట్టుకుని, అన్న నంబరు అడిగింది. ఇచ్చాను. ఆవిడ విశాఖకి ఫోన్ చేసి, అడుగు రేకు సంగతి తనకి తెలిసిందని అన్నకి చెప్పిందట. నాన్న ఇంజిన్ గదిలోనే కూర్చుంటానన్నాడు కదా, నేనూ పక్కనే కూర్చునేదాన్ని అందట. ఆ తర్వాత ఏడ్చేసిందట. అప్పుడు అన్న విశాఖ రేవులో, ఒక బార్జి పక్కన ఎండలో నిలబడి ఉన్నాడు. లోపలికి దిగమని కూలీలు పిలుస్తున్నారు. ఆవిడ ఏడుపు ఆగేదాకా ఫోను చెవి దగ్గరే పట్టుకుని అలాగే ఉండిపోయానని నాతో చెప్పాడు.